నిద్ర సుఖమెరుగదు, తెల్లవారితే తెలుస్తుంది

తిరుపతి వేంకట కవుల నాటకాల్లోని పడక సీను గురించి విననివారు మనలో అరుదు. శ్రీకృష్ణులవారు పాన్పు మీద పవళించి ఉంటారు. దుర్యోధనుడు వచ్చి తలవైపు ఆసనం అలంకరిస్తాడు. అర్జునుడు వచ్చి పాదాలవైపు చేరుతాడు. కళ్ళు తెరవగానే స్వామికి ముందుగా ఎవరు కనిపించారు, సైన్యం ఎవరికి పోయింది, స్వామి ఎవరికి దక్కాడు అన్నది మనకు కంఠతా వచ్చు. కాని అంతసేపు కదలకుండా మెదలకుండా నిద్ర నటించిన ఆ మహానుభావుడికి చెయ్యి తిమ్మిరెక్కిందా, మెడ పట్టేసిందా అని అడిగిన ప్రేక్షకుణ్ణి నేనింతవరకు చూడలేదు. మొన్న సెమిస్టరు పరీక్షలనాడు తెల్లవారుజామున నాకా ప్రశ్న పుట్టింది.

ఆరోజు అయిదింటికి సెల్‌ఫోను అలారం మోగింది. దాని నోరు నొక్కుదామని కుడిచెయ్యి చాపబోయాను. చెయ్యి రాలేదు. అలవాటు ప్రకారం బోర్లా పడుకొని, ఆ చేతిని దిండుకింద మడిచి, తల బరువంతా దానిమీద మోపి రాత్రల్లా నిద్రపోయాను. ఎడమచేత్తో తడిమితే దిండుకింద ఏదో చెయ్యి తగిలింది. ఎవడో వచ్చి పక్కన పడుకున్నాడనుకొని విదిలించబోయాను. తీరా చూస్తే అది నాదే! ఎరువు తెచ్చుకున్న వస్తువులాగా దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. కొంతసేపటికి చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు అయి ప్రాణం వచ్చింది గాని, చిటికెనవేలు, ఉంగరపువేలు మాత్రం మధ్యాహ్నందాకా నా స్వాధీనంలోకి రాలేదు. పరీక్ష హాల్లో నేను పెట్టిన సంతకం హాల్‌టిక్కెట్టు మీది సంతకంతో కలవలేదు. ఇన్విజిలేటరుగారు నా మొహాన్నీ, ఫోటోనీ మార్చి మార్చి చూశారు. పడుకున్న తీరువల్ల మనిషి తానే తాను కాదనిపించుకునే ప్రమాదం కూడా ఉందని అప్పుడు బోధపడింది.

సాయంత్రం రూముకొచ్చి ఈ గోడంతా వెళ్ళబోసుకుంటే మా రూమ్మేటు నవ్వి, "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు గురూ! నిద్ర పట్టిందా లేదా? పట్టింది కదా, ఇంకెందుకీ గొడవ?" అన్నాడు. సామెతను నేను కాదనను. నిద్ర సుఖమెరుగదు, నిజమే. కాని తెల్లవారాక మెడ ఎరుగుతుంది, భుజం ఎరుగుతుంది, కలం పట్టే వేళ్ళు ఎరుగుతాయి. రాత్రి చేసిన అప్పు పగలు తీర్చాలి. అందుచేత పడుకునే తీరు మార్చుకుందామని ఆవేళే నిశ్చయించుకున్నాను. ఆ ప్రయత్నంలో నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు సోదర విద్యార్థులకు మనవి చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందు కొంచెం శాస్త్రం. చెయ్యి తిమ్మిరెక్కితే "రక్తం ఆగిపోయింది" అంటాం. అది సగం మాటే. అసలు నలిగేది నరం. మోచేయి లోపలివైపు ఎముక వెనుకగా అల్నార్ నరం పోతుంది. మోచేతికి బల్ల అంచు తగిలితే జివ్వుమనిపించేది అదే. చిటికెనవేలికి, ఉంగరపువేలిలో సగానికి స్పర్శ ఇచ్చేదీ అదే. మోచెయ్యి మడిచి గంటల తరబడి దానిమీద బరువు మోపితే ఆ నరం సాగి, నలిగి, కబురందించడం మానేస్తుంది. ఇక భుజంనుండి మోచేతివరకు ఉండే ఎముకను చుట్టుకొని రేడియల్ నరం పోతుంది. తప్పతాగి కుర్చీ వీపుమీద చెయ్యి వేలాడేసి నిద్రపోయినవాడికి అది నలిగి, తెల్లవారేసరికి మణికట్టు వాలిపోతుంది. పాశ్చాత్య వైద్యులు దీనికి శనివారం రాత్రి పక్షవాతమని పేరు పెట్టారు. తాగనివాడికి సాధారణంగా అంతదూరం రాదు. ఎందుకంటే ఆరోగ్యవంతుడు రాత్రి నిద్రలో తనకు తెలియకుండానే ఎన్నోసార్లు ఒత్తిగిలుతాడు. తాగినవాడు కదలడు. అంటే మనల్ని కాపాడుతున్నది మంచి భంగిమ ఒక్కటే కాదు, అటూ ఇటూ తిరగగలగడం. ఈ మాట గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. దీనితో మళ్ళీ పనుంది.

బోర్లా పడుకునేవాడికి ఇంకో బాధ కూడా ఉంది. ముక్కు పరుపులో దూర్చి ఊపిరి తీయలేడు గనుక మెడను ఏదో ఒక పక్కకు పూర్తిగా తిప్పి ఉంచాలి. పగటిపూట ఎవరినైనా అయిదు నిమిషాలు అలా కూర్చోమంటే శిక్ష అంటారు. రాత్రిళ్ళు ఆరేసి గంటలు ఆ శిక్ష మనకు మనమే వేసుకుంటున్నాము.

సరే, మార్చుకోవడం ఎలా? మొదటి రాత్రి సంకల్పబలాన్ని నమ్ముకున్నాను. "ఈరోజునుండి పక్కకు తిరిగే పడుకుంటాను" అని గట్టిగా అనుకొని పడుకున్నాను. తెల్లవారి చూసుకుంటే బోర్లానే ఉన్నాను. రెండోరాత్రీ అంతే. వారం గడిచాక తెలిసిందేమిటంటే, ఒట్టు పెట్టుకున్నవాడు ఒకడు, నిద్రపోయేవాడు ఇంకొకడు. కలలొచ్చే నిద్రలో కాళ్ళూ చేతుల కండరాలు దాదాపుగా పని మానేసి ఉంటాయని 1959లో ఫ్రాన్సు దేశపు మిషెల్ జువె పిల్లుల మీద పరిశోధించి వెల్లడించాడు. మిగతా నిద్రలో కదులుతాం గాని ఆ కదలిక మన ఆజ్ఞ ప్రకారం జరిగేది కాదు. అటువంటి నిద్రకు ఉపన్యాసం ఇచ్చి ఏమి లాభం? హాజరుపట్టీలో పేరే లేనివాణ్ణి నిలబెట్టి పాఠం అప్పజెప్పమన్నట్లుంటుంది.

రెండో ఉపాయం మా రూమ్మేటు చెప్పాడు. వెల్లకిలా పడుకొని గురకపెట్టేవాళ్ళకు చొక్కా వీపుమీద బంతి కుట్టే పద్ధతి ఒకటుందట. వెల్లకిలా తిరిగితే బంతి గుచ్చుకొని మళ్ళీ పక్కకు ఒత్తిగిలుతారు. నాది బోర్లా జబ్బు గనుక, తువ్వాలు గట్టిగా ముడివేసి లుంగీలో పొట్టమీద దోపుకొమ్మన్నాడు. దోపుకున్నాను. మూడురోజులు ముడి గుచ్చుకొని అర్ధరాత్రి లేచి కూర్చున్నాను. నాలుగోనాడు హాయిగా నిద్రపట్టింది. పొద్దున చూస్తే తువ్వాలు గుమ్మం దగ్గర ఉంది. నిద్రలోనే తీసి విసిరికొట్టాను కాబోలు. శిక్షతో అలవాటు పోదు, శిక్ష వేసే వస్తువు పోతుంది. అప్పుడు మా రూమ్మేటు ఇంకో సామెత ఎత్తుకున్నాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదురా, వదిలెయ్" అన్నాడు.

ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధేనా? కాదు. ఇంటిదగ్గర చాపమీద ఎటు పడితే అటు దొర్లి పెరిగినవాణ్ణి. మరెప్పుడొచ్చింది? ఫస్టియర్లో వచ్చింది. అప్పుడు ఇద్దరుండవలసిన గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. మంచాలు రెండే. రెండింటినీ దగ్గరకు జరిపి ముగ్గురం పడుకునేవాళ్ళం. అందరికంటె ఆలస్యంగా చేరినవాణ్ణి గనుక నడుమ చోటు నాది. నడుమ చోటంటే రెండు మంచాల పట్టెలు కలిసే చోటు. వెల్లకిలా పడుకుంటే ఇనుప పట్టె వెన్నులో దిగేది. పక్కకు తిరిగితే తుంటి సందులో పడేది, పైగా పక్కవాడి ఊపిరి మొహానికి కొట్టేది. బోర్లా పడుకొని, మోచేతులు ఎవరికీ తగలకుండా తలకింద దాచుకుంటేనే ఆ సందుమీద వంతెనలాగా ఆనేవాణ్ణి. ఒకడు ఒత్తిగిలాలంటే ముగ్గురం ఒప్పుకోవాలి. అసెంబ్లీ తీర్మానంకంటే కష్టం. అంచేత నేను తిరగడమే మానేశాను.

రెండో సంవత్సరం నాకు విడిగా మంచం దొరికింది. సందు పోయింది, పట్టె పోయింది, పక్కవాడి ఊపిరీ పోయింది. కాని ఒళ్ళు మాత్రం ఇంకా ఆ సందుమీదే పడుకుంటున్నది! కారణం వెళ్ళిపోయింది, దాని ముద్ర మిగిలిపోయింది. అసౌకర్యంగా పడుకునేవాణ్ణి చూసి సోమరి అనో, మొద్దు అనో అంటాం. ఆ భంగిమ ఒకప్పుడు వాడి తెలివితేటల ఫలితమని, ఉన్న జాగాలో ఎలాగోలా నిద్రపోవడానికి ఒళ్ళు కనిపెట్టిన ఉపాయమని మనకు తట్టదు.

ఈ సంగతి తెలిశాక నా ప్రయత్నం మారింది. ఒంటిని తిట్టడం మానేసి మంచాన్ని చూశాను. నడుమ దిగబడిన కుక్కిమంచం అది. పక్కకు తిరిగితే ఒళ్ళు గుంటలోకి జారి మళ్ళీ బోర్లా పడుతుంది. ఒక చెక్కపలక సంపాదించి పరుపుకింద వేశాను. తర్వాత దిండు చూశాను. పక్కకు పడుకున్నప్పుడు భుజానికీ మెడకూ మధ్య జానెడు ఖాళీ వస్తుంది. నా దిండు అప్పడంలా ఉంది. ఆ ఖాళీ నింపడానికే పాపం చెయ్యి అక్కడికి వెళ్తున్నది! దిండుకింద దుప్పటి మడిచి పెడితే చెయ్యికి ఆ ఉద్యోగం తప్పింది. మోకాళ్ళ మధ్య ఒక దిండు, రొమ్ముకు ఆనించుకోవడానికి ఒక దిండు పెట్టాను. బోర్లా పడుకునేవాడికి పొట్టకు ఏదో ఒకటి ఆనకపోతే నిద్రరాదు. ఆ ఆనిక పక్కకు తిరిగి పడుకున్నప్పుడే దొరికితే వాడు బోర్లా పడడానికి అంత తొందరపడడు. రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ వారానికి ఒకటి రెండుసార్లు బోర్లానే మెలకువ వస్తుంది. వస్తే రానీ అని పక్కకు తిరిగి మళ్ళీ పడుకుంటాను. చెయ్యి మాత్రం నా చెయ్యిగానే లేస్తున్నది. (పగటిపూట కూడా తిమ్మిరి వదలకపోయినా, పట్టు తగ్గినా ఈ దిండ్ల వైద్యం చాలదు, డాక్టరుకు చూపించుకోవాలి.)

భీష్ముడి సంగతి గుర్తొచ్చింది. అంపశయ్య మీద ఒళ్ళంతా బాణాలపై ఆనింది గాని తల వేలాడుతున్నది. తలగడ కావాలన్నాడు. రాజులు మెత్తటి దిండ్లు తెచ్చారు. వద్దన్నాడు. అర్జునుడు మూడు బాణాలు నాటి తలకు ఊతమిచ్చాడు. అంతటి వీరుడు, చావును తన ఇష్టానికి ఆపుకోగలిగినవాడు సైతం తల వేలాడేసుకొని ఉండలేకపోయాడు. మెత్తదనం అక్కరలేదన్నాడు గాని ఊతం అక్కరలేదనలేదు. మనం చాలాసార్లు ఈ రెంటినీ ఒకటే అనుకుంటాం. హాస్టలు కుర్రాడు సరైన దిండు అడిగితే సుఖం మరిగాడంటాం.

ఇది ఒక్క మనిషి గొడవ కాదు. దేశాలకు దేశాలే పడక మార్చుకున్న ఉదంతం ఉంది. 1950ల తర్వాత పాశ్చాత్య దేశాల్లో పసిబిడ్డల్ని బోర్లా పడుకోబెట్టడం మంచిదని వైద్యులే చెప్పేవారు. వాంతి చేసుకుంటే గొంతుకు అడ్డం పడుతుందని భయం. తల్లులు తప్పు చేయలేదు, చెప్పినట్టు చేశారు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల్లో బోర్లా పడుకున్నవారే ఎక్కువని తేలాక, 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆ సలహాను తిరగవేసింది. 1994నుండి బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతటా ప్రచారం సాగింది. తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే అక్కడ ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందు లేదు, మిషను లేదు. తల్లుల భయానికి సమాధానం చెప్పి, పడక తిప్పారు.

అలాగని బోర్లా పడుకోవడమే పాపమనుకోకండి. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 466 మంది రోగులమీద ఫ్రాన్సు, స్పెయిను దేశాల్లో జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 28 రోజుల్లోపల మరణాలు 16 శాతం. మామూలుగా ఉంచినవారిలో 32.8 శాతం. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో ఉద్ధృతిలో ఆక్సిజన్‌కోసం జనం పరుగులెత్తుతున్నప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ ఇళ్ళలో ఉన్న రోగులకు బోర్లా పడుకొమ్మని సూచనలిచ్చింది. ఆ సూచనల్లో ముఖ్యభాగం దిండ్ల లెక్కే. మెడకింద ఒకటి, రొమ్మునుండి తొడల పైభాగందాకా ఒకటో రెండో, మోకాళ్ళ దిగువన రెండు. ఉత్త "బోర్లా పడుకో" అని ఊరుకోలేదు, ఎక్కడెక్కడ ఊతం పెట్టాలో చెప్పారు. మంచి సలహాకు గుర్తు అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ నవ్వుతూ చెప్పింది దీనికోసమే.

మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర మంచంలో ఉంది. తనంత తాను ఒత్తిగిలలేదు. మంచంపట్టిన మనిషిని రెండేసి గంటలకొకసారి పక్క మార్చాలని నర్సులు చెబుతారు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగితే రక్తమందక పుండు పడుతుంది. మనం నిద్రలో తెలియకుండా చేసుకునే పనిని ఆవిడకు మా అమ్మ రాత్రిళ్ళు మేలుకొని చేసేది. ఒక్క వారం అమ్మకు జ్వరం వచ్చింది. మేమంతా ఇంట్లోనే ఉన్నాం. ఎవరికి వాళ్ళం ఇంకొకరు చూస్తారనుకున్నాం. ఆ వారంలో నాయనమ్మ నడుము దిగువన పడిన పుండు ఆవిడ పోయేదాకా మానలేదు. ఆ వారం రాత్రిళ్ళు నేను బాగానే నిద్రపోయాను. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే తలెత్తుకోలేను.

ఆ ఏడాదిన్నరా అమ్మ ఆ మంచం పక్కన నేలమీద చాప వేసుకొని, తూర్పు తలగడగా, కుడిభుజం మీద పడుకునేది. మంచం ఉత్తరాన ఉండేది. కుడివైపు తిరిగితేనే నాయనమ్మ చెయ్యి కదలడం కనిపించేది. నాయనమ్మ పోయి మూడేళ్ళయింది. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మ కుడిభుజం నొప్పని మందు రాసుకుంటున్నది. "ఆ పక్క కాకుండా ఈ పక్కకు తిరిగి పడుకోరాదుటమ్మా?" అన్నాను, కొత్తగా వచ్చిన తెలివితో.

"అటు తిరిగితే నిద్ర పట్టదురా. ఎవరో పిలిచినట్టే ఉంటుంది" అంది.

మంచం ఎప్పుడో అటకెక్కింది. అక్కడిప్పుడు గోడ తప్ప ఏమీ లేదు. అయినా అమ్మ ఆ గోడవైపే తిరిగి పడుకుంటున్నది. నా సందులాంటిదే అది. కాకపోతే నా సందు నాకోసం, అమ్మది ఇంకొకరికోసం.

నేనిక ఏమీ వాదించలేదు. ఆ రాత్రి దిండు తీసి చాపకు రెండోకొసన పెట్టాను. పడమర తలగడగా పడుకుంటే అదే గోడవైపు తిరిగినా ఎడమభుజం మీద ఉంటుంది. అమ్మ కాసేపు చూసి, "అమ్మయ్య, ఉత్తరం తలగడ కాదులే" అని నవ్వి పడుకుంది. నాలుగైదు రోజులకు అలవాటు పడింది. భుజం నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, తగ్గిందని మాత్రం ఫోనులో చెప్పింది.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. ఆ సామెతను మనకు చిన్నప్పటినుండి నూరిపోశారు. ముడుచుకోవడం మనకు బాగా వచ్చు. సందుమీద వంతెనలా ఆనడమూ వచ్చు. ముడుచుకున్నవాణ్ణి చూసి "సరిగ్గా పడుకోవడం కూడా చేతకాదా" అనడమూ వచ్చు. మంచం పొడుగెంత, వెడల్పెంత, దానిమీద ఎందరున్నారు అని అడగడం మాత్రం ఇంకా రాలేదు. ఎవరినైనా మార్చుకొమ్మని చెప్పేముందు, వాళ్ళను అలా నిలిపి ఉంచిన కారణమేమిటో అడగాలి. తిరగడానికి జాగా ఇవ్వాలి. ఆనడానికి ఊతమివ్వాలి. తనంత తాను తిరగలేనివాణ్ణి ఎవరో ఒకరు తిప్పాలి. "ఎవరో ఒకరు" అనుకొని ఊరుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

అందుచేత ఈ సంచికద్వారా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. వచ్చే ఏడాది కోర్కెల పత్రంలో మిగతావాటితోపాటు మనిషికొక మంచం, మంచానికొక చదునైన పలక అని ఒక పంక్తి చేర్చండి. జూనియరు మిత్రుల గదుల్లో మంచాల సందుమీద ఎవరు పడుకుంటున్నారో ఒక్కసారి వెళ్ళి చూడండి. నెలకొకసారైనా చోటు మార్చుకోవడం మన చేతిలో పనే, దానికి ఏ ఆఫీసరు సంతకమూ అక్కర్లేదు.

సోదర విద్యార్థులకు ఇంకో మనవి. ఈసారి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మగారు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో చూడండి. ఎందుకని అడగండి. సమాధానం చెప్పకుండా "అలవాటురా" అంటారు. అప్పుడు ఊరుకోకండి. దిండు తీసి రెండోకొసన పెట్టి చూడండి.